మందు మాన్పించే మీటింగంటూ ముందే డబ్బు అడిగితే కట్టకండి

కావలి, నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇంట్లో మనిషి చేత తాగుడు మాన్పించాలని తిరుగుతున్నవాళ్ళు ఇది చదవండి. నాకు 3,900 రూపాయలు పోయాయి. డబ్బు పోతే పోయింది, మా తమ్ముడి ప్రాణం మీదికి వచ్చింది.

వాడు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు. పదకొండేళ్ళుగా తాగని రోజు లేదు. మొన్న ఒక రాత్రి వాడే వచ్చి, "అక్కా, ఒక్కడి వల్ల కావడంలా. ఏఏ అని మీటింగులు ఉంటాయంట, ఎక్కడో కనుక్కో" అన్నాడు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకుని ఒకరికొకరు ఆసరాగా ఉండే సంఘం. ఆ మాట వాడి నోట్లోంచి వస్తుందని నేను అనుకోలేదు. మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని అప్పటికప్పుడు ఫోన్లో వెతికాను. అన్నిటికంటే పైన ఒక నంబరు కనిపించింది. అది ప్రకటన అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది, ఆ కంగారులో ఎవరు చూస్తారు?

ఫోనెత్తినాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ఆదివారం నెల్లూరులో మీటింగమ్మా, సీట్లు తక్కువ, 1,500 కట్టి పేరు రాయించుకోండి" అన్నాడు. కట్టేశాను. పొద్దున్నే రైలెక్కి వెళ్ళాం.

మేడమీద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మాలాంటి కుటుంబాలు ఏడెనిమిది. మీటింగంటే తాగి మానేసినవాళ్ళు మాట్లాడతారని మా వాడు చెప్పాడు. అక్కడ అట్లాంటి మనిషి ఒక్కడూ నోరు విప్పలేదు. టై కట్టుకున్న ఒకాయన పాడైన కాలేయం బొమ్మలు చూపించి గంటసేపు భయపెట్టాడు. తర్వాత ఆడవాళ్ళను మాత్రం పక్క గదిలోకి పిలిచారు. నలభై రోజుల ప్యాకేజీ 48,000, ఈరోజే కడితే పది వేలు తగ్గిస్తారట. మనిషి రానంటే వాళ్ళే బండి పంపి ఎత్తుకుపోతారట. అంత డబ్బు లేదన్నాను. అయితే ఈ పొడి తీసుకోండి, అతనికి తెలియకుండా కూరలో కలపండి, ఈ రాత్రి నుంచే మందు పూర్తిగా ఆపించండి అని ఒక డబ్బా చేతిలో పెట్టారు. 2,400. చీర కొనేటప్పుడు పది షాపులు తిరిగే దాన్ని, ఆ డబ్బా మీద ఏం రాసుందో కూడా చూడకుండా కొన్నాను.

మా వాడు నిజంగానే ఆపేశాడు. మర్నాటికి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు ఆసుపత్రిలో గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. డాక్టరమ్మ నన్ను గట్టిగానే తిట్టింది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో ఇట్లాగే అవుతుందట, ప్రాణం కూడా పోవచ్చట. డాక్టరు దగ్గర మందులు వాడుతూ ఆపాలి. డబ్బా చూపిస్తే, లోపల ఏముందో, ఎవరు చేశారో, ఎప్పటిదాకా పనికొస్తుందో ఏమీ రాసిలేదు. నిజం డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే బిళ్ళ ఒకటి ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. అందుకే మనిషికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇస్తారు. అట్లాంటిది తెలియకుండా కూరలో కలిపితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. నా అదృష్టం, ఆ డబ్బా నేనింకా మూత తియ్యలేదు.

అసలు ఏఏ ఎట్లా నడుస్తుందో ఆసుపత్రిలోని కౌన్సెలర్ చెప్పాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన షేర్ల వ్యాపారం మనిషి, ఇంకొకాయన సర్జను, ఒకరికొకరు ఆసరాగా నిలబడి మొదలుపెట్టారు. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. టీ ఖర్చుకు, గది అద్దెకు సభ్యులే తోచింది వేసుకుంటారు, బయటివాళ్ళ విరాళం కూడా పుచ్చుకోరు. మందులమ్మరు, ఏ ఆసుపత్రికీ తమ పేరు ఇవ్వరు. ఇంటిపేరు కూడా అడగరు. ఇంట్లోవాళ్ళు వెళ్ళాలంటే ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని ముందు కనుక్కోవాలి. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. కుటుంబాలకు అల్-అనాన్ అని వేరే ఉంది.

కాబట్టి ఫోను చెయ్యగానే "ఎంత కట్టాలి?" అని మీరే అడగండి. అంకె చెప్పారంటే అది ఏఏ కాదు. మీటింగుల వివరాలకు ఏఏ ఇండియా వాళ్ళ సొంత వెబ్‌సైటు చూడండి, లేదా డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చెయ్యండి, ఉచితం. వైద్యానికైతే నెల్లూరు పెద్దాసుపత్రిలోనో, ఒంగోలు రిమ్స్‌లోనో మానసిక వైద్యుల ఓపీకి వెళ్ళండి. ఎక్కడైనా చేర్చాల్సి వస్తే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందేమో కాగితం చూపించమనండి. మనిషిని గొలుసులతో కట్టెయ్యడం ఆ చట్టం ప్రకారం నిషేధం.

దూబగుంట ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని సారా కొట్లు మూయించిన జిల్లా మనది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది అక్కడ మొదలైన గొడవతోనే. అదే జిల్లాలో ఇప్పుడు మాన్పిస్తామని చెప్పి ఆడవాళ్ళ దగ్గరే డబ్బు లాగుతున్నారు, ఒళ్ళు మండదా?

డబ్బు వెనక్కి ఇమ్మంటే నా నంబరు బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా ఏమీ తేలలేదు. మా వాడు ఇప్పుడు అసలు మీటింగుకు వెళ్తున్నాడు, నాలుగు వారాలైంది. అక్కడేం మాట్లాడుకుంటారో నాకు చెప్పడు, నేనూ అడగను. ఆ డబ్బా మాత్రం ఫిర్యాదుకు పనికొస్తుందని బీరువా మీద అట్లాగే పెట్టాను.