రోహిణి కార్తెలో మొరాయించిన సోలార్

సోలార్ పెట్టించిన కొత్తలో చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను, "బిల్లు సున్నా" అని. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. నా అసలు కోపం మాత్రం బిల్లు మీద కాదు.

మాది విశాఖపట్నం పెదవాల్తేరులో పాత మేడ. ముడసర్లోవ చెరువు మీద 2018లో తేలిన 2 మెగావాట్ల సోలార్ పలకలు చూసినప్పటి నుంచీ మనసు అటే లాగుతోంది. 2024లో ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అనేసరికి ఇక ఆగలేదు. ప్యానెళ్లు మేడెక్కాయి, మనం లైన్లోకి పంపిన కరెంటునీ, వాడుకున్నదాన్నీ లెక్కగట్టే నెట్ మీటరు బిగించారు, సబ్సిడీ ఖాతాలో పడింది. ఇంతవరకూ అందరి కథా ఒకటే.

ఆ ఊపులో నేనొక ఘనకార్యం చేశాను. హాల్లో మూలన ఏడేళ్లుగా ఓ ఇన్వర్టరు, దాని బ్యాటరీ ఉండేవి. మేడ మీద కరెంటు పుడుతుంటే కింద ఈ ముసలి సామానెందుకని రెండూ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

మరుసటి ఏడు రోహిణి కార్తె. ఉదయం తొమ్మిదిన్నరకి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. వీధంతా ఉసూరుమంటుంటే నేను ధీమాగా పేపరు చదువుకుంటున్నాను. నా నెత్తి మీది ఫ్యాన్ కూడా ఆగిందని తెలియడానికి ఓ నిమిషం పట్టింది. మేడెక్కి చూస్తే ప్యానెళ్లు చెయ్యి పెడితే కాలిపోయేలా ఉన్నాయి. ప్యానెళ్లతో పాటు బిగించిన సోలార్ ఇన్వర్టరు డబ్బా మీద ఎర్ర లైటు, 'నో గ్రిడ్' అని అక్షరాలు. కింద అద్దెకున్నాయన తలెత్తి అడిగాడు: "సూరీడు మీ మేడ మీదే ఉన్నాడు కదా మేస్టారూ, మరి కరెంటేదీ?"

బిగించిన కుర్రాడికి ఫోన్ చేశాను.

"ఇది ఆన్-గ్రిడ్ సార్. లైన్లో కరెంటుంటేనే పనిచేస్తుంది."

"మరి ఇంత ఎండలో ప్యానెళ్లేం చేస్తాయి?"

"ఎండుతాయి సార్."

ఆ రోజు కరెంటు సాయంత్రం నాలుగింటికొచ్చింది. అప్పటిదాకా ఎనభై రెండేళ్ల అమ్మకి తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. వచ్చాక కూడా డబ్బా వెంటనే లేవలేదు. లైను నిలకడగా ఉందో లేదో చూసుకుంటుందట. అయిదు నిమిషాలు అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుని అప్పుడు పచ్చ లైటు వేసింది.

కాగితాలు తిరగేస్తే, ప్రత్యేకతల వరసలో 'యాంటీ ఐలాండింగ్' అని టిక్కు పెట్టి మరీ ఉంది. అంటే లైన్లో కరెంటు పోగానే సోలార్ కూడా తనంతట తానే ఆగిపోవడం. కొన్నప్పుడు అదేదో అండమాన్‌కి సంబంధించిన మాటనుకుని దాటేశాను. పాతికేళ్ల వారంటీ గురించి పాతికసార్లు చెప్పినవాళ్లు ఈ ఒక్కమాట విడమరిచి చెప్పలేదు.

కారణం తెలిశాక కోపం సగం దిగింది. సరఫరా ఆపేసి లైన్‌మన్ స్తంభమెక్కితే, మన ప్యానెళ్ల కరెంటు ఆ తీగలోకి ఎదురొచ్చిందంటే మనిషి పోతాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక రోడ్ల నిండా పడి ఉన్న తీగలు, వాటి మధ్య తిరిగిన లైన్‌మెన్ నా కళ్ల ముందే ఉన్నారు. మిగతా సగం కోపం మాత్రం అలాగే ఉంది. లైనుకి కరెంటు వెళ్లకుండా ఆపి, ఇంటికి మాత్రం ఇచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఉన్నాయి. బ్యాటరీ ఉండాలి, ఖర్చు బాగా ఎక్కువ. సబ్సిడీ లెక్కేమో ప్యానెళ్ల కిలోవాట్లతోనే. మొదటి రెంటికీ 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. బ్యాటరీ పెట్టినా ఒక్క రూపాయి కలవదు. తుఫాన్లు తప్పని ఊరికి ఈ లెక్క నాకు మింగుడుపడదు.

ఇక బిల్లు. మార్చిలో రోజుకి పన్నెండు, పదమూడు యూనిట్లు ఇచ్చేవి ఆషాఢం ముసురులో మూడు నాలుక్కి దిగిపోతాయి. రాత్రి ఏసీకి గ్రిడ్ కరెంటే గతి. యూనిట్లు చెల్లుకు చెల్లయినా ఫిక్స్‌డ్ ఛార్జీ ఎలాగూ పడుతుంది. అయినా పాత బిల్లులతో పోలిస్తే హాయే. మరో సంగతి, సముద్రపు గాలి. వారం కడక్కపోతే అద్దం మీద వేలు జారదు, జిగురుగా అంటుకుంటుంది. రెండో వానాకాలానికే బోల్టులు తుప్పు కారాయి. స్టెయిన్‌లెస్‌వి నా ఖర్చుతో మార్పించాను. మధురవాడ దాటి లోపలికి ఉన్నవాళ్లకి ఇంత బాధ ఉండకపోవచ్చు.

నేను పెన్షనర్ని, పగలంతా ఇంట్లోనే ఉంటాను కాబట్టి మిక్సీ, మోటారు, ఇస్త్రీ అన్నీ ఎండ ఉండగానే కానిచ్చేస్తాను. నాకు గిట్టుబాటే. మా అమ్మలా మంచం పట్టినవాళ్లుండి, కరెంటు తరచూ పోయే వీధైతే ముందే హైబ్రిడ్ ధర కనుక్కోండి. గాజువాకలో ఉండే మా తోడల్లుడు వచ్చేనెల పెట్టిస్తానంటున్నాడు. వద్దనలేదు. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు, బ్యాటరీ మాత్రం అమ్మొద్దన్నాను. మొన్న నేను మళ్లీ కొత్తవి కొనుక్కున్నానని వాడికింకా చెప్పలేదు.