ఐదు కిలోమీటర్ల రేసుకు జీపీఎస్ వాచ్: పేస్ అంకె కన్నా ల్యాప్ బటనే నయం

చాలాకాలంగా చేతికి పెట్టుకుని పరుగెత్తుతున్న ఈ జీపీఎస్ రన్నింగ్ వాచ్ మీద నాకున్న కోపమంతా దాని తెర మీది ఒక అంకె గురించి, ఇష్టమంతా దాని పక్కనున్న ఒక బటన్ గురించి. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, ఫోన్‌కు ఎలా కలుస్తుంది వంటి సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటిని వదిలేస్తున్నాను. పరుగు నేర్చుకుంటున్న దశలోనే ఉండి, ఐదు కిలోమీటర్లలో తన పర్సనల్ బెస్ట్‌ను, అంటే ఇప్పటిదాకా సాధించిన అత్యుత్తమ సమయాన్ని, కొన్ని సెకన్లయినా తగ్గించుకోవాలని తపించే మనిషికి ఇది ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ నట్టేట ముంచుతుంది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

నా లక్ష్యం ముప్పై నిమిషాల లోపు పూర్తి చేయడం, అంటే కిలోమీటరుకు ఆరు నిమిషాలకు ఒక్క సెకను కూడా మించకుండా పరుగెత్తడం. అందుకోసం వాచ్ తెర మధ్యలో పేస్ అంకె, అంటే కిలోమీటరుకు పడుతున్న సమయం, పెద్దగా కనిపించేలా పెట్టుకుని, సగటు 5:59 దగ్గర నిలిచేలా నెలల తరబడి సాధన చేశాను. రేసు రోజున కూడా అన్నీ అనుకున్నట్టే సాగాయి. ప్రతి కిలోమీటరుకూ వాచ్ తనంతట తాను కంపించి, 5:58 అనో 6:00 అనో చూపిస్తూ వచ్చింది. చివరి మలుపు దాటి ఫినిష్ లైన్ ఎదురుగా కనిపిస్తుండగా మణికట్టు మీద పొడవుగా ఒక కంపనం వచ్చింది. ఐదు కిలోమీటర్లు 29:55లో పూర్తయ్యాయనీ, ఇది నా కొత్త రికార్డు అనీ తెర మీద అభినందన మెరిసింది. రేసు సమయాన్ని నమోదు చేసే టైమింగ్ మ్యాట్ మాత్రం ఇంకా అరవై మీటర్ల దూరంలో ఉంది. ఊపిరి బిగబట్టి ఆ అరవై మీటర్లూ పరుగెత్తేసరికి ఇరవై సెకన్లు గడిచిపోయాయి, ఫలితాల జాబితాలో నా పేరు ఎదుట 30:15 అని పడింది. పాత సమయం కన్నా అది మెరుగే, కానీ నేను వెళ్లింది ఆ పదిహేను సెకన్ల కోసం. ఆ రోజు వాచ్ మొత్తం దూరాన్ని 5.06 కిలోమీటర్లుగా నమోదు చేసింది. ఆ రోజు పరుగు ఎదుట నా ఫోన్‌లో ఇప్పటికీ 29:55 అనే ఉంది, దానిని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

దారి కొలతలో తేడా ఏమీ లేదు. ధ్రువీకరించిన రోడ్డు రేసు మార్గాన్ని ప్రత్యేకంగా సరిచూసిన సైకిల్‌తో, మలుపుల్లో అంచుకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో, సాధ్యమైనంత దగ్గరి దారి పట్టి కొలుస్తారు. దూరం పొరపాటున కూడా తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు కూడా. గుంపులో పరుగెత్తే మనం ఆ గీత మీదే వెళ్లలేము. ఒకరిని దాటడానికి పక్కకు జరుగుతాము, మలుపుల్లో బయటి వైపుకు నెట్టుకుపోతాము. దీనికి ఉపగ్రహ సంకేతాల తప్పు తోడవుతుంది. ఆరు నిమిషాల పేస్‌లో సెకనుకు మనం కదిలేది మూడు మీటర్ల లోపే. చెట్ల కిందా ఎత్తైన భవనాల పక్కనా సంకేతం చెదిరి, ప్రతిఫలించి వచ్చినప్పుడు స్థానంలో వచ్చే తేడా అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు. అందుకే వాచ్ కొన్ని సెకన్ల సగటు తీసి పేస్ చూపిస్తుంది. వేగం పెంచినా, తగ్గినా ఆ సంగతి అంకెలో ఆలస్యంగానే కనబడుతుంది. మారథాన్‌లో సర్దుకోవడానికి గంటల సమయం ఉంటుంది కానీ, ఐదు కిలోమీటర్లలో ఆ వెసులుబాటు లేదు. ఇంతటి ముఖ్యమైన విషయాన్ని వాచ్‌తో వచ్చిన పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా రాయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక ఆ బటన్ సంగతి. కుడివైపు కింద ఉండే ఈ ల్యాప్ బటన్‌ను నొక్కగానే అంతవరకు సాగిన ల్యాప్, అంటే విడిగా సమయం లెక్కించే పరుగు భాగం, ముగిసి కొత్తది మొదలవుతుంది, అంతే. కిలోమీటరుకోసారి వాచ్ తనంతట తానే ల్యాప్ మార్చే ఆటో ల్యాప్‌ను పూర్తిగా ఆపివేసి, తెర మీద నుంచి పేస్‌ను తీసేసి, రెండే అంకెలు ఉంచుకున్నాను: పైన ప్రస్తుత ల్యాప్ సమయం, కింద మొత్తం సమయం. దారి పక్కన కిలోమీటరు బోర్డు వచ్చినప్పుడల్లా బటన్ నొక్కడం, వచ్చిన సమయాన్ని ఆరు నిమిషాలతో పోల్చుకోవడం. అప్పుడిక ఉపగ్రహంతో పని లేదు, దారి కొలిచినవారి కొలతే నా కొలత. తరువాతి రేసులో మొదటి బోర్డు దగ్గర 5:56 వచ్చింది, చెట్ల వరుస కింద సాగిన రెండవ కిలోమీటరుకు 6:04 పడింది. నాలుగు సెకన్లు పోయాయని అక్కడికక్కడే తెలియడం వల్లనే మూడవది 5:59కి తెచ్చుకోగలిగాను. నాలుగవది సరిగ్గా 6:00. చివరిది ఉన్న శక్తినంతా కూడదీసి 5:50. మొత్తం 29:49. ఇంటికి వచ్చి ఫోన్‌లో చూస్తే, ఆ రెండవ కిలోమీటరుకు వాచ్ తన సొంత లెక్కలో చూపిన సగటు పేస్ 5:55. ఆ అంకెను నమ్మి ఉంటే వెనకబడుతున్న సంగతే తెలియకుండా నిశ్చింతగా పరుగెత్తేదాన్ని.

నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద ఈ బటన్ విలువ ఇంకా పెరుగుతుంది. పన్నెండున్నర చుట్లు, ఒక్కో చుట్టుకు 2:24. గీత దాటిన ప్రతిసారీ ఒక నొక్కు. అయితే ఆ నాలుగు వందల మీటర్లు మొదటి లేన్‌కు మాత్రమే వర్తిస్తాయి, రెండవ లేన్‌లో చుట్టుకు సుమారు ఏడు మీటర్లు ఎక్కువ పడుతుంది. వాచ్‌లో ఉన్న ట్రాక్ మోడ్ ఎంచుకున్న లేన్‌ను బట్టి దూరాన్ని సవరిస్తుంది. ఇది నిజంగా బాగా పనిచేస్తుంది, ఇందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

హార్ట్ రేట్ చాలా ఖచ్చితమని మొదట్లో నేను నలుగురికీ చెప్పినమాట నిజమే. నెమ్మదిగా సాగే పరుగుల్లో ఇప్పటికీ అదే చెబుతాను. కానీ నాలుగు వందల మీటర్ల వేగపు సాధనలో గుండె వేగం పెరిగిన చాలాసేపటికి గానీ అంకె కదలదు, కొన్నిసార్లు అది గుండెను వదిలేసి నా అడుగుల లెక్కను పట్టుకుని నిమిషానికి 170 దగ్గర అతుక్కుపోతుంది. నా మణికట్టు సన్నగా ఉండి పట్టీ జారడం దీనికి కొంత కారణం కావచ్చు. ఛాతీకి కట్టుకునే బెల్టు వాడినప్పుడు ఈ బాధ లేదు. ఐదు కిలోమీటర్లను నేను ఎంత సమయంలో పూర్తి చేయగలనో అంచనా కట్టే సదుపాయం కూడా ఈ హార్ట్ రేట్ మీదే చాలావరకు ఆధారపడుతుంది కనుక, దానిని చూడడం మానేశాను.

బటన్‌ను ఇంతగా మెచ్చుకుంటున్నా, ఇందులోనూ ఒక చిక్కు ఉంది. మార్గం మొత్తం దూరం సరిగ్గా ఉన్నా, మధ్యలోని కిలోమీటరు బోర్డులను కరెంటు స్తంభానికో చెట్టుకో వీలుగా ఉన్నచోట కట్టేసే నిర్వాహకులు ఉంటారు. ఒక ల్యాప్ బాగా ఎక్కువ, తరువాతిది అంతే తక్కువ వస్తే తేడా బోర్డుదే అయి ఉంటుంది, అప్పుడు మొత్తం సమయాన్నే చూసుకోవాలి. బోర్డులే లేని రేసుల్లో ఈ పద్ధతికి ఆధారమే ఉండదు.

కాబట్టి ఈ వాచ్ కొనవచ్చా అంటే, నా వరకు అవునంటాను. నేను ముప్పై నిమిషాల గీతకు అటూ ఇటూగా ఉన్నాను, సెకన్లు లెక్కపెట్టుకుంటాను, పరుగెత్తేటప్పుడు చిన్న అంకెలు నాకు ఆనవు. ఐదు కిలోమీటర్లు ఆగకుండా పూర్తి చేస్తే చాలనుకునేవారికి ఏ వాచ్ అయినా సరిపోతుంది, ఫోన్ అయినా చాలు. ఉపగ్రహ సంకేతాలను రెండు ఫ్రీక్వెన్సీల్లో అందుకునే జీపీఎస్ ఉన్న మోడళ్లలో చెట్ల కింద తేడా తగ్గుతుంది, నాది ఒక్క ఫ్రీక్వెన్సీదే కనుక నా అనుభవాన్ని వాటికి అంటగట్టలేను. తెరను తాకి మాత్రమే ల్యాప్ మార్చాల్సిన మోడల్‌ను మాత్రం చెమట పట్టిన వేళ్లతో నేను వాడలేను. ఈ మధ్య చెమట ఉప్పు చేరి నా ల్యాప్ బటన్ కూడా కొంచెం బిగుసుకుంటోంది. పరుగు అయిన వెంటనే మంచినీళ్ల కింద పెట్టి పదిసార్లు నొక్కి వదిలితే మళ్లీ మెత్తబడుతోంది. వారంటీ గడువు దాటింది కనుక, అది పూర్తిగా మొరాయిస్తే ఇదే మోడల్‌ను మళ్లీ కొంటానా లేదా అన్నది అప్పటి ధరను బట్టి, అప్పటికి నా లక్ష్యం ఎంతకు చేరిందన్న దానిని బట్టి ఉంటుంది.