రెస్క్యూ మీ, షికాగో ఫైర్: ఫైర్‌మ్యాన్ బతుకును చూపడంలో ఏది మేలు?

మా చిన్నాయన వరంగల్ ప్రాంతంలో లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. మొన్నటి ఎండాకాలంలో హన్మకొండలోని మా ఇంట్లో ఆయనతో కలిసి రెండు అమెరికన్ ధారావాహికలు చూశాను. ఒకటి న్యూయార్క్ అగ్నిమాపక సిబ్బంది గురించి 2004 నుంచి 2011 వరకు ఏడు సీజన్లుగా వచ్చిన 'రెస్క్యూ మీ', రెండవది 2012 అక్టోబరులో మొదలైన 'షికాగో ఫైర్'.

ఉద్యోగంలోని పని పద్ధతి తెలుసుకోవాలంటే నిస్సందేహంగా 'షికాగో ఫైర్' మేలు. అక్కడ ఇంజన్ సిబ్బంది నీళ్లు, గొట్టాల పని చూసుకుంటే, ట్రక్ సిబ్బంది నిచ్చెనలు వేసి, తలుపులు పగలగొట్టి, లోపల చిక్కుకున్నవారి కోసం వెతుకుతారు. మన దగ్గర సుమారు 4,500 లీటర్ల నీళ్లతో ఒక ఫైరింజన్ వస్తే, అందులోంచి దిగిన కొద్దిమందే ఈ పనులన్నీ చేయవలసి ఉంటుంది కనుక, ఆ విభజనను చిన్నాయన ఎంతో ఆసక్తిగా గమనించారు. అయితే తెరమీది గదుల్లో మంట వెలుగు మరీ ఎక్కువని ఆయన అభ్యంతరం. "మంట కాదురా, పొగనే మనిషిని చంపుతది. లోపల నీ చెయ్యి నీకే కనవడది" అన్నారు. పత్తి బేళ్లు అంటుకున్నప్పుడు పైన ఎంత నీళ్లు కొట్టినా లోపల నిప్పు గంటల తరబడి రగులుతూనే ఉంటుందని, బేలును విప్పి చెదరగొడితే తప్ప ఆరదని చెప్పారు. అటువంటి ఓపికతో కూడిన పనికి ఈ రెండు ధారావాహికల్లోనూ చోటు తక్కువ.

మనుషుల విషయానికి వస్తే నా మొగ్గు 'రెస్క్యూ మీ' వైపే. 2001 సెప్టెంబరు 11 నాటి ఉగ్రవాద దాడిలో న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. కథానాయకుడు టామీ గావిన్, ఆనాడు మరణించిన తన సోదరుడి వరుస జిమ్మీతో ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. స్టేషన్‌లో వంట చేసుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ నవ్వించే ఆ మనుషులే ఇంటికి వెళ్లి నిద్రపట్టక తాగుతారు. ఈ నవ్వును దుఃఖం నుంచి విడదీయకపోవడమే ఆ రచనలోని గొప్పతనం. టామీగా నటించి, పీటర్ టోలన్‌తో కలిసి ఈ కథను రూపొందించిన డెనిస్ లియరీకి ఆ దుఃఖం సొంతింటిది: 1999 డిసెంబరులో అమెరికాలోని వూస్టర్ నగరంలో మంటలంటుకున్న శీతల గిడ్డంగిలో, లోపల మనుషులున్నారనుకుని వెళ్లి మరణించిన ఆరుగురు అగ్నిమాపక సిబ్బందిలో ఆయన దగ్గరి బంధువు కూడా ఉన్నారు.

దీనిలోనూ లోపాలున్నాయి. స్త్రీ పాత్రల పట్ల చూపిన కరుకుదనం నన్ను బాధించింది. మద్యం, బూతు మాటలు కూడా ఎక్కువే. పిల్లలతో కలిసి కూర్చునే ఇంట్లో 'షికాగో ఫైర్' నయం. హాస్యం ఒక్కటే కావాలనుకునేవారికి వానల ఊరి నేపథ్యంలో 2019లో వచ్చిన 'టకోమా ఎఫ్‌డీ' (ఎఫ్‌డీ అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్) సరిపోతుంది.

పెద్దవారు మాత్రం 'రెస్క్యూ మీ'ని మొదటి సీజన్ నుంచే వరుసగా చూడాలి. మధ్యలో మొదలుపెడితే టామీ ఎదుట కూర్చున్న వ్యక్తి బతికి ఉన్నాడో, చనిపోయాడో తెలియక, ఆ సంభాషణల బరువు అందదు.