ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్: పంచాయతీ లెక్కలు ఎంతవరకు తెలుస్తాయి?

పంచాయతీకి ఎంత సొమ్ము వచ్చింది, దేనికి ఖర్చయింది అని గ్రామసభలో లేచి అడిగితే, అడిగినవాడు ఏ వర్గం మనిషో ముందు ఆరా తీసే ఊళ్లు మనకు కొత్త కాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌ను నేను ముఖ్యంగా ఈ కోణంలోనే పరిశీలించాను.

అంతకుముందు ప్రణాళికకు ఒకటి, జమాఖర్చులకు ఒకటిగా విడివిడిగా నడిచిన సాఫ్ట్‌వేర్లను ఇందులో ఒక్కచోటికి చేర్చారు. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే, లాగిన్ అవసరం లేకుండానే ఆ ఊరి అభివృద్ధి ప్రణాళికలోని పనులు, వచ్చిన నిధులు, చేసిన చెల్లింపులు కనిపిస్తాయి. చెల్లింపు ఇద్దరి డిజిటల్ సంతకాలతో నేరుగా బ్యాంకు ఖాతాకు వెళ్తుంది కాబట్టి, చెక్కు ఎవరి పేరున రాశారన్న పాత తగవుకు చోటు తక్కువ.

అయితే ఆ అంకెలను చదవడానికి కొంత ముందస్తు అవగాహన కావాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు మళ్లించకూడదు. ఈ నిబంధన తెలిసినవారికి చెల్లింపుల జాబితా చూడగానే ఏం అడగాలో స్ఫురిస్తుంది, తెలియనివారికి అది ఒట్టి అంకెల వరుస. పోర్టల్ ఈ నియమాన్ని ఆ జాబితా పక్కనే రెండు వాక్యాల్లో చెప్పి ఉంటే బాగుండేది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, ఊళ్లో సామరస్యానికి దీనివల్ల కలిగే మేలు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచికి, ఉపసర్పంచికి ఉమ్మడి చెక్ అధికారం ఇచ్చింది. ఆ ఇద్దరూ చెరో వర్గం వారైతే అనుమానాలకు అంతుండదు. అలాంటిచోట "తిన్నారు", "తినలేదు" అనే మాటల స్థానంలో తేదీ, మొత్తం, పని పేరు ఉన్న వోచర్‌ను ముందు పెడితే, వాదన మనిషి మీద నుంచి పని మీదకు మళ్లే అవకాశం ఉంటుంది. సర్పంచికీ ఇది రక్షణే: ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారని సర్పంచులు ఆందోళనకు దిగినప్పుడు, చూపడానికి ఇలాంటి లెక్క లేకపోతే సొమ్ము తమ చేతికి రాలేదని ఊరివారిని నమ్మించడం వారికి ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఇక లోపాలు. కాలువకు డబ్బు చెల్లించారని వోచర్ చెబుతుంది గానీ ఆ కాలువలో నీరు పారుతోందా అన్నది చెప్పదు. కొలతలు తెలియాలంటే ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చూడాలి, అందుకు మళ్లీ సమాచార హక్కు దరఖాస్తే దిక్కు. ఇంటి పన్ను వంటి సొంత ఆదాయం, రాష్ట్ర పథకాల ఖర్చు మొత్తం ఇక్కడే దొరుకుతాయని అనుకోకూడదు. కేంద్ర ప్రభుత్వ యంత్రానువాద వేదిక భాషిణి సాయంతో 2024లో తెలుగు సహా 22 భాషల్లోకి తెచ్చినా, సిబ్బంది ఆంగ్లంలో పొడి అక్షరాలతో నమోదు చేసిన పని పేరును యంత్రానువాదం బాగుచేయలేదు.

తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు, పాలకవర్గాలు లేనందున కేంద్ర గ్రాంటులూ నిలిచిపోయాయి. ఆ లోటును ఏ పోర్టలూ పూడ్చలేదు. ఇప్పుడు పాలకవర్గాలు వచ్చాయి. అక్కడి చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి కాబట్టి, ఆ ఏడాది చెల్లింపుల పట్టికను ముద్రించి సభకు తీసుకెళ్లే ఓపిక ఉన్నవారికి ఈ సేవను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఇంట్లో కూర్చుని తెరమీద చూసి వదిలేసేవారికి దీనివల్ల ఒనగూడేది స్వల్పం.