ప్యాసివ్ ప్రీఆంప్ బాక్స్ రివ్యూ: మంచి వస్తువే, కానీ ముందు మీ ఇంపెడెన్స్ లెక్క చూసుకోండి

ప్రీఆంప్ (పాట ఇచ్చే మెషీన్ కీ స్పీకర్లని నడిపే పవర్ ఆంప్ కీ మధ్య ఉండి సిగ్నల్ పెంచే, వాల్యూమ్ సర్దే పెట్టె) తీసేసి దాని ప్లేస్ లో ఒక ప్యాసివ్ వాల్యూమ్ బాక్స్ పెట్టి కొన్నాళ్ళుగా వింటున్నా. కరెంటు వైరు ఉండదు, లోపల వాక్యూమ్ ట్యూబ్ లేదు ట్రాన్సిస్టర్ లేదు, రెండు ఇన్‌పుట్లు, ఒక ఔట్‌పుట్, ఒక సెలెక్టర్ స్విచ్, ఒక నాబ్, అంతే. ఇదే బాక్స్ 10 కిలో ఓమ్స్ పాట్ (నాబ్ తిప్పితే మారే రెసిస్టర్) తో ఒకటి, 50 కిలో ఓమ్స్ పాట్ తో ఒకటి వస్తుంది, నా దగ్గర ఉన్నది 50ది, ఫ్రెండ్ దగ్గర 10ది ఉంటే అది కూడా తెచ్చుకుని రెండూ మార్చి మార్చి విన్నా.

ముందు బాగున్నది చెప్తా. నా డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్ గా మార్చే పెట్టె) 2 వోల్టులు ఇస్తుంది, పవర్ ఆంప్ కి ఫుల్ పవర్ రావడానికి 1.2 వోల్ట్ చాలు, అంటే మధ్యలో ప్రీఆంప్ ఇచ్చే గెయిన్ నాకు అసలు అవసరమే లేదు, పెంచి మళ్ళీ నాబ్ తో తగ్గించుకోవడమే జరిగేది. ఈ బాక్స్ పెట్టాక ట్వీటర్ కి చెవి ఆనించి విన్నా అంతకు ముందున్న సన్నటి హిస్ లేదు. పాట మొదలయ్యే ముందు స్టూడియో గదిలో గాలి కూడా వినిపిస్తున్నంత నిశ్శబ్దం, నిజంగా అంత బాగుంది.

అయితే ఇలాంటి బాక్స్ కొన్నవాళ్ళలో సగం మంది "తెర తీసేసినట్టుంది" అంటారు, మిగతా సగం "సౌండ్ లో ప్రాణం పోయింది, డల్ గా ఉంది" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తేడా బాక్స్ లో లేదు, దాని ముందు ఏముంది వెనక ఏముంది అన్నదాంట్లో ఉంది.

ఇంపెడెన్స్ అంటే సిగ్నల్ కి ఎదురయ్యే నిరోధం, ఓమ్స్ లో కొలుస్తారు. ఇంపెడెన్స్ మ్యాచింగ్ అనగానే చాలామంది రెండు వైపులా ఒకే నంబర్ ఉండాలి అనుకుంటారు. అది పాత టెలిఫోన్ లైన్ల లెక్క, 600 ఓమ్స్ కి 600 ఓమ్స్, మైళ్ళ కొద్దీ వైర్లు కాబట్టి. ఇంట్లో లైన్ లెవెల్ సామాను మధ్య మనకి పవర్ ట్రాన్స్‌ఫర్ అక్కర్లేదు, వోల్టేజ్ చెడకుండా అవతలికి చేరితే చాలు, కాబట్టి ఇచ్చేవాడి ఔట్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువ, తీసుకునేవాడి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ ఉండాలి, కనీసం పదింతలు అని మామూలుగా అనుకునే రూలు. 100 ఓమ్స్ డాక్ ని 10 కిలో ఓమ్స్ కి కలిపితే పోయేది 0.1 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత పెరిగింది తగ్గింది అని చెప్పే కొలత) కూడా ఉండదు. 1 కిలో ఓమ్ ని అదే 10 కిలోకి కలిపితే 0.8 డీబీ పోతుంది. రెండూ సమానం చేస్తే 6 డీబీ పోతుంది, అంటే వోల్టేజ్ సగమైపోతుంది. "మ్యాచ్" చేసి సాధించేది ఇదే.

ఇప్పుడు అసలు విషయం. మామూలు ప్రీఆంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ నాబ్ ఎక్కడున్నా మారదు, ఎందుకంటే చివర్లో బఫర్ (ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ని తక్కువగా నిలిపే సర్క్యూట్) లాంటి స్టేజ్ ఒకటి ఉంటుంది. ప్యాసివ్ బాక్స్ లో ఆ స్టేజ్ లేదు కాబట్టి నాబ్ తిప్పినకొద్దీ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ మారుతూ ఉంటుంది. బాగా ఎక్కువగా ఉండేది సిగ్నల్ సరిగ్గా సగం అయ్యే చోట, అంటే మైనస్ 6 డీబీ దగ్గర, అక్కడ పాట్ విలువలో నాలుగో వంతు. 10 కిలో పాట్ కి 2.5 కిలో ఓమ్స్, 50 కిలో పాట్ కి 12.5 కిలో ఓమ్స్. చాలామంది నాబ్ 12 గంటల దగ్గర ఉంటే సగం అనుకుంటారు కానీ ఆడియో టేపర్ పాట్ (మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా పెరిగే రకం) లో అక్కడ రెసిస్టెన్స్ దాదాపు పదో వంతే ఉంటుంది, అంటే మైనస్ 20 డీబీ, అక్కడ 50 కిలో పాట్ ఇచ్చేది 4.5 కిలో ఓమ్స్. ఇంకా తగ్గించి మైనస్ 30 కి వెళ్తే 1.5 కిలో. కాబట్టి రాత్రిపూట చిన్నగా వినేవాళ్ళకి ఇబ్బంది ఉండదు, గట్టిగా వినేవాళ్ళకే, నాబ్ మూడు గంటల వైపు వెళ్ళినప్పుడే సమస్య.

ఆ సమస్య ఎలా వినపడుతుందో చెప్తా. నేను ఒక మీటర్ పొడుగు కేబుల్ తో వింటున్నంతసేపు రెండు బాక్సులకీ తేడా పట్టుకోలేకపోయా. తర్వాత పవర్ ఆంప్ ని స్పీకర్ల పక్కకి జరిపి 5 మీటర్ల ఆర్సీఏ కేబుల్ వేశా, అప్పుడు 50ది గట్టిగా పెట్టినప్పుడు సింబల్స్ (డ్రమ్స్ తో వాయించే ఇత్తడి తాళాలు) మీద మెరుపు తగ్గింది, 10ది పెట్టగానే తిరిగొచ్చింది. కారణం కేబుల్ కెపాసిటెన్స్, అంటే కేబుల్ కొంచెం ఛార్జ్ ని పట్టుకునే గుణం, ఇంపెడెన్స్ ఎక్కువైతే అది పై ఫ్రీక్వెన్సీలని తగ్గిస్తుంది. మీటర్ కి సుమారు 100 పికోఫారడ్ అనుకుంటే 5 మీటర్లకి 500, ఆంప్ ఇన్‌పుట్ ది ఇంకో 100. నా ఆంప్ 47 కిలో ఓమ్స్ కూడా కలిపి లెక్కేస్తే 12.5 కిలో పాయింట్ దగ్గర సిగ్నల్ 3 డీబీ పడిపోయే చోటు సుమారు 27 కిలోహెర్ట్జ్ కి దిగిపోతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గరే దాదాపు 2 డీబీ పోతుంది. 10 కిలో పాట్ తో అదే కేబుల్ మీద పోయేది 0.15 డీబీ లోపే. కేబుల్ మార్చి సౌండ్ మారింది అనేవాళ్ళలో కొంతమంది వింటున్నది ఇదే అని నా గట్టి నమ్మకం.

మరి 10ది కొనేస్తే సరిపోతుంది కదా అంటే, సోర్స్ (పాట ఇచ్చే మెషీన్) ట్యూబ్ ది అయితే సరిపోదు. ట్యూబ్ సోర్స్ చివర్లో కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి పాట సిగ్నల్ ని మాత్రం పంపేది) ఉంటుంది, 0.47 మైక్రోఫారడ్ అనుకుందాం, అది 10 కిలో లోడ్ చూస్తే బేస్ 34 హెర్ట్జ్ దగ్గరే 3 డీబీ పడిపోతుంది, అదే 50 కిలో చూస్తే 7 హెర్ట్జ్ దాకా దిగుతుంది. పైగా 12ఏఎక్స్7 అనే ట్యూబ్ ఆనోడ్ నుంచి నేరుగా ఔట్‌పుట్ తీసిన డిజైన్ అయితే దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 30, 40 కిలో ఓమ్స్ ఉంటుంది, దానికి 10 కిలో పాట్ తగిలిస్తే ఇక చెప్పక్కర్లేదు, అలాంటి దానికి 50ది కూడా చాలదు. "ప్యాసివ్ పెడితే బేస్ పోతుంది" అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. వట్టి రెసిస్టెన్స్ బేస్ ని తినదు, అన్ని ఫ్రీక్వెన్సీలనీ సమానంగా తగ్గిస్తుంది, బేస్ తినేది కెపాసిటర్ తక్కువ లోడ్ చూసినప్పుడు.

కంపెనీ మీద నా కంప్లైంట్ ఒక్కటే, కానీ పెద్దదే. పాట్ విలువ బాక్స్ మీద లేదు, మాన్యువల్ లో లేదు, "అన్ని ఆంప్లిఫయర్లకీ సరిపోతుంది" అని మాత్రం రాశారు. ఈ వస్తువుకి అన్నిటికంటే ముఖ్యమైన నంబర్ అదే, దాన్ని దాచి అందరికీ సరిపోతుంది అనడం కొనేవాళ్ళకి అన్యాయం. మీ దగ్గర ఇలాంటి బాక్స్ ఉంటే కేబుల్స్ అన్నీ పీకేసి, సెలెక్టర్ ఉన్న ఇన్‌పుట్ మీద మల్టీమీటర్ పెట్టి మధ్య పిన్ కీ బయటి రింగ్ కీ ఓమ్స్ చూడండి, పాట్ మొత్తం విలువ వచ్చేస్తుంది. నాది 48.6 కిలో చూపించింది.

సోర్స్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా ఇంట్లోనే తెలుస్తుంది. 400 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి ఏసీ వోల్టేజ్ రాసుకోండి, తర్వాత అదే ఔట్‌పుట్ మధ్య పిన్ కీ బయటి రింగ్ కీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్ళీ చూడండి. నా డాక్ 2.00 నుంచి 1.82 కి దిగింది, అంటే 100 ఓమ్స్. మొదటి దాన్ని రెండోదానితో భాగించి ఒకటి తీసేసి రెసిస్టర్ విలువతో గుణిస్తే అయిపోతుంది. ట్యూబ్ సామానుకి మాత్రం 1 కిలో పెట్టకండి, 10 కిలో వాడండి.

బిల్డ్ బాగుంది, నాబ్ బరువుగా, మెత్తగా తిరుగుతుంది. బాగా తగ్గించినప్పుడు ఎడమ స్పీకర్ కొంచెం గట్టిగా వస్తుంది, నాబ్ తొమ్మిది గంటల గుర్తు దాటాక సర్దుకుంటుంది.

ఎవరు కొనొచ్చు అంటే, డాక్ లేదా సీడీ ప్లేయర్ సోర్స్, కేబుల్ పొట్టి, పవర్ ఆంప్ ఇన్‌పుట్ 47 కిలో ఆ పైన, అలాంటోళ్ళు ఏది తీసుకున్నా హాయిగా ఉంటారు. కేబుల్ పొడుగైతే 10దే. ఆంప్ ఇన్‌పుట్ 10 కిలోనే ఉంటే 50ది వద్దు, మైనస్ 6 దగ్గర ఇంకో 7 డీబీ ఊరికే పోతుంది, నాబ్ ఎంత తిప్పినా ఎక్కట్లేదు అనిపిస్తుంది. ట్యూబ్ సోర్స్ ఉన్నవాళ్ళు బఫర్ ఉన్న ప్రీఆంప్ కే వెళ్ళండి, మీకు దాంట్లోనే న్యాయం జరుగుతుంది.

సబ్‌వూఫర్ ఉన్నవాళ్ళకి ఇంకోటి, ఈ బాక్స్ ఔట్‌పుట్ నుంచి ఒకటి రెండుగా చీలే వై కేబుల్ తో ఆంప్ కీ సబ్ కీ పంచుకుందాం అనుకుంటే 47 కిలో పక్కన సబ్ ది 10 కిలో చేరి మొత్తం లోడ్ 8.2 కిలోకి పడిపోతుంది, సబ్ కి వెళ్ళే పొడుగు కేబుల్ కెపాసిటెన్స్ కూడా మెయిన్ స్పీకర్ల మీదే పడుతుంది, కాబట్టి సబ్ కి స్పీకర్ టెర్మినల్స్ నుంచి వచ్చే హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటే అదే వాడండి.