ఆదిలాబాద్ చలిలో జీఎల్-4 గేర్ ఆయిల్: కొన్నేళ్లు వాడాక

మాది పాత పెట్రోల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. గేర్‌బాక్సులో మాన్యువల్ చెప్పినట్టే జీఎల్-4 రకం (జీఎల్ అంటే గేర్ ఆయిల్ ఏ పనికి తగినదో చెప్పే గ్రేడు) 75డబ్ల్యూ-90 (ఇది చిక్కదనం నంబరు) సింథటిక్ ఆయిల్ పోయించి కొన్నేళ్లుగా తిప్పుతున్నాను. ఆదిలాబాద్ డిసెంబరు చలి, మే నెల ఎండ రెండూ చూసిన ఆయిల్ ఇది. నా లెక్కలో తేడా అంతా డబ్బా మీద చిన్నగా రాసి ఉండే ఆ జీఎల్-4 దగ్గరే ఉంది. బ్రాండు సంగతి తర్వాత.

బండి చేతికొచ్చిన కొత్తలో పొద్దున్నే ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారిస్తే గేర్ రాడ్ సగం దూరం వెళ్లి మొండికేసేది. బలవంతంగా తోస్తే గర్రుమనేది. కాసేపు నడిచి బాక్సు వేడెక్కాక కొంత నయం. క్లచ్ ప్లేట్లు పోయాయని చాలామంది తేల్చేశారు. అంతకుముందు ఈ బండికి సర్వీసు చేసిన షెడ్డులో ఆరా తీస్తే, "అన్ని బండ్లకీ ఇదే పోస్తాం సార్" అంటూ జీఎల్-5 డ్రమ్ము చూపించారు. నంబరు ఎక్కువైతే సరుకు మంచిదనే లెక్క.

జీఎల్-5 చెడ్డ ఆయిలేమీ కాదు. బొలెరో లాంటి బండ్లలో వెనక చక్రాలను తిప్పే క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ విపరీతమైన ఒత్తిడిలో తిరుగుతాయి. వాటిని కాపాడటానికే అందులో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ మోతాదులో వేస్తారు. గేర్‌బాక్సు పని వేరు. మనం గేరు మార్చినప్పుడు ఇత్తడి సింక్రో రింగు వెళ్లి గేరు అంచును రాసుకుంటుంది. ఆ రాపిడితోనే రెండింటి వేగం సమానమై గేరు మెత్తగా పడుతుంది. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగుకు పట్టు దొరకదు, పళ్లు ఢీకొంటాయి. మా బండి గర్రుమన్నది అందుకే. గంధకం ఇత్తడిని తినేస్తుందన్న మాట కూడా వింటుంటాం. అది అన్ని జీఎల్-5 ఆయిళ్లకూ ఒకేలా వర్తించదు గానీ, రింగులు మార్చాలంటే బాక్సు మొత్తం దించాలి. ఆ ఖర్చు తలుచుకుంటే ప్రయోగాలు చేయబుద్ధి కాదు. జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసి ఉన్న డబ్బాలు కూడా దొరుకుతాయి. నేను వాటి జోలికి పోలేదు.

ఆయిల్ మార్చేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పించాలి. అది తుప్పు పట్టి రాకపోతే, కింద డ్రెయిన్ చేసేశాక కొత్త ఆయిల్ పోయడానికి దారి ఉండదు. డ్రెయిన్ బోల్టుకున్న అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద కాటుకలా అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపితే నున్నగానే ఉంది. అది మామూలు అరుగుదలే. గీరుకునే ముక్కలు తగిలితే మాత్రం టెన్షన్ పడాలి. వాషరు కొత్తది వేయించి, బండిని సమంగా నిలబెట్టి, ఫిల్లర్ రంధ్రం నుంచి ఆయిల్ బయటికి కారే దాకా పోయించాను.

మొదటిరోజే అద్భుతం ఏమీ జరగలేదు. గర్రు శబ్దం వెంటనే తగ్గింది గానీ గేర్ రాడ్ తేలికవడానికి కొన్ని వారాలు పట్టింది. అసలు పరీక్ష చలికాలంలో. డబ్ల్యూ ఉన్న ముందు నంబరు చలిలో చిక్కదనం చెబుతుంది, అది తక్కువైతే చలిలో ఆయిల్ అంత పల్చన. 75డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూను మైనస్ 26 దగ్గర పరీక్షిస్తారు. మనకు మైనస్‌లు ఎక్కడివి అనిపిస్తుంది గానీ, ఇక్కడ జనవరి పొద్దున బండి తీస్తే ఆ పల్చదనం చేతికి తెలుస్తుంది. సెకండ్ గేరు ఇప్పుడు ఒక్క క్షణం ఆగి పడుతుంది, అంతే. బాగా వేడెక్కాక 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90 రెండూ ఒకటే, ఎందుకంటే వెనకున్న 90 చెప్పేది 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. మే నెల మధ్యాహ్నం నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌లో గేర్లు మారుస్తూ ఎక్కినా తేడా రాలేదు. అందుకే విజయవాడలో ఉండేవాళ్లకైతే సింథటిక్‌కి అంత డబ్బు పెట్టమని చెప్పను. మాన్యువల్ ఒప్పుకుంటే జీఎల్-4లోనే మామూలు 80డబ్ల్యూ-90 చాలు.

ఇంకోమాట. ఈ 90ని ఇంజన్ ఆయిల్ నంబర్లతో పోల్చొద్దు. గేర్ ఆయిల్‌లో 90 అంటే ఇంజన్ ఆయిల్‌లో సుమారు 40, 50 నంబర్ల చిక్కదనమే.

థర్డ్ గేరులో వచ్చే సన్నటి ఈల శబ్దం మాత్రం ఈ ఆయిల్‌తో పోలేదు. అది బేరింగ్ అరుగుదల. ఇంకా చిక్కటి 85డబ్ల్యూ-140 పోస్తే అణిగిపోతుందని ఒక మెకానిక్ సలహా ఇచ్చాడు. శబ్దం అణుగుతుందేమో గానీ చలిలో సెకండ్ గేరు కథ మళ్లీ మొదటికొస్తుంది. వద్దన్నాను. ఈల పెరిగితే బాక్సు దింపించి బేరింగులే మార్పిస్తాను.