కాకినాడ గాలిలో సెకండ్ హ్యాండ్ నికాన్ డి7200 కెమెరా, ఏడాదిన్నర వాడాక

మా ఆఫీసులో ఇప్పటికి ముగ్గురు అడిగారు కెమెరా కొందామనుకుంటున్నా ఏది తీసుకోమంటావు అని, ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పా, ఎందుకంటే ఒకాయనకి పిల్లాడి డాన్స్ వీడియోలు కావాలి, ఒకావిడకి ఊళ్ళు తిరిగినప్పుడు తేలిగ్గా బ్యాగ్‌లో పడుండేది కావాలి, మూడో అతనికి ఏం కావాలో అతనికే తెలీదు. సర్లే, కనీసం నేను కొన్నదాని గురించైనా పూర్తిగా రాద్దాం అని కూర్చున్నా.

నాది నికాన్ డి7200, సెకండ్ హ్యాండ్. 2015 మార్చిలో వచ్చిన మోడల్, అంటే నా చేతికి వచ్చేసరికే దానికి బళ్ళో వేసే వయసు దాటిపోయింది. అద్దం ఉన్న పాత రకం డీఎస్ఎల్ఆర్. ఈ రోజుల్లో ఇదెవడు కొంటాడు అని మా తమ్ముడు నవ్వాడు, వాడి నవ్వులో సగం నిజం ఉంది, అది కూడా చెప్తా.

నా బడ్జెట్ లెన్సుతో కలిపి యాభై వేలు, రూపాయి ఎక్కువ పెడితే ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి. ముందు కొత్తవే చూశా. వైజాగ్ వెళ్ళినప్పుడు షోరూమ్‌లో కెనాన్ ఆర్50 పట్టుకున్నా, బ్యాటరీ కార్డుతో కలిపి 375 గ్రాములే, భలే తేలిక, కానీ నా చిటికెన వేలు కింద గాల్లో వేలాడుతోంది. సోనీ ఏ6400 ఫోకస్ చూస్తే నిజంగా మతిపోయింది, సేల్స్ కుర్రాడు అటూ ఇటూ నడుస్తుంటే చిన్న చదరం అతని కన్నుకి జలగలా అంటుకుపోయింది, కాకపోతే కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఎడమ మూలకి చిన్న కిటికీలా ఉంది, నేను కళ్ళజోడు మనిషిని. అదీ సర్దుకుందామనుకున్నా. అసలు ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, బాడీతో ఇచ్చే కిట్ లెన్సు దాకా వచ్చేసరికే డబ్బులన్నీ అయిపోయి ఇంకా పైన పడేలా ఉంది, ఆ తర్వాత పిట్టల కోసం ఒక పొడుగు లెన్సు, తక్కువ వెలుతురుకి ఒక ఎఫ్ 1.8 లెన్సు (రంధ్రం పెద్దగా తెరుచుకునేది) కావాలంటే ఇంకో రెండేళ్ళు ఆగాలి. రెండేళ్ళు కిట్ లెన్సుతో కూర్చుంటే నా సరదా అక్కడితో చచ్చిపోతుందని నాకు తెలుసు, గిటార్ కొన్నప్పుడు చూశాగా.

అదే టైములో మా వైపు పెళ్ళిళ్ళ స్టూడియోల వాళ్ళందరూ మిర్రర్‌లెస్‌కి మారిపోతున్నారు, అంటే అద్దం లేని కొత్త రకం కెమెరాలకి, పాత డీఎస్ఎల్ఆర్‌లు అద్దాల బీరువాల్లో వరసగా పేర్చి ఉన్నాయి. తెలిసిన స్టూడియో ఆయన దగ్గర ఈ డి7200, 18-140 ఎంఎం జూమ్ లెన్సు, రెండు బ్యాటరీలు కలిపి ముప్పై ఆరు వేలకి మాట్లాడుకున్నా. "పెళ్ళిళ్ళు చేసిన బాడీ అండీ, దాచేదేం లేదు, కౌంట్ మీరే చూసుకోండి" అన్నాడు. నికాన్‌లో ఉన్న మంచి సంగతి ఏంటంటే ఒక ఫోటో తీసి దాని ఫైల్లో దాగుండే ఎగ్జిఫ్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందో అంకె కనిపిస్తుంది. 86 వేలు చూపించింది. ఈ మోడల్ షట్టర్‌ని కంపెనీ లక్షన్నర సార్లకి పరీక్షించానని చెప్తుంది, అంటే సగం పైన అయిపోయింది, అది గ్యారంటీ అంకె కూడా కాదు, ముందే పోవచ్చు, రెండు లక్షలు దాటి కూడా నడవచ్చు. నేను నెలకి వెయ్యి ఫోటోలు తీసే మనిషిని కాబట్టి ధైర్యం చేశా. ఎఫ్ 16 పెట్టి, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, తెల్ల గోడ ఒకటి తీసి సెన్సార్ మీద మచ్చలున్నాయేమో చూశా, నాలుగైదు ఉన్నాయి, బ్లోయర్‌తో రెండు పోయాయి, మిగతావి క్లీనింగ్‌లో పోయాయి.

మిగిలిన డబ్బుల్లో పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డి ఒకటి తీసుకున్నా. ఈ డి రకం లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలో ఉండాలి, డి7200లో ఉంది, డి3000, డి5000 వరస బాడీల్లో లేదు, ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ (పాత లెన్సుల్ని కొత్త బాడీకి కలిపేది) పెట్టి నికాన్ అద్దంలేని జెడ్50కి తగిలించినా ఆటోఫోకస్ రాదు. అంటే ఈ బాడీ చేతిలో ఉంటే ఇరవై ఏళ్ళ నాటి చవక లెన్సులన్నీ పనికొస్తాయి, నేను డి7200 వైపు మొగ్గింది సగం ఇందుకే. ఇంటికొచ్చి తగిలించగానే మాత్రం పై డిస్‌ప్లేలో "ఎఫ్ఈఈ" అని మెరుస్తూ షట్టర్ పడటం మానేసింది. మోసపోయాం రా బాబూ అనుకుని రాత్రంతా నిద్ర లేదు. తీరా చూస్తే లెన్సు మీదున్న, రంధ్రం సైజు మార్చే అపెర్చర్ రింగ్‌ని 22 దగ్గరికి తిప్పి లాక్ చెయ్యాలంట, అంతే!

ఇంకోటి, ఆ లెన్సుతో మొదటి వారం మా అమ్మ ఫోటోలు తీస్తే కళ్ళు మసక, చెవి దుద్దులు మాత్రం తళతళ. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచేది వేరే సెన్సార్ కాబట్టి లెన్సుకీ బాడీకీ ఇలా కాస్త తేడా వస్తుంటుంది. సెటప్ మెనూలో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్ అని ఈ తేడా సర్దేది ఉంటుంది, స్కేలు ఒకటి ఏటవాలుగా పెట్టి తీసుకుంటూ మైనస్ 6 దగ్గర ఆపితే కుదిరింది. మిర్రర్‌లెస్ వాళ్ళకి ఈ గొడవ దాదాపు ఉండదు, వాటిలో ఫోకస్ చూసేదీ ఫోటో తీసేదీ ఒకే సెన్సార్.

ఇక పని ఎలా చేస్తుందంటే, కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళా. చూసినవాళ్ళకి తెలుసు, పదకొండు ఊళ్ళ ప్రభలు (వెదురుతో ఎత్తుగా కట్టి గుడ్డలతో అలంకరించి దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చేవి) వస్తాయి, గంగలకుర్రు వాళ్ళు భుజాల మీద మోసుకుంటూ వరి చేలలోంచి, కౌశిక నది నీళ్ళలోంచి దాటిస్తారు, జనం అరుపులు, నీళ్ళు చిమ్మడం, బురద. పైన ఆకాశం తెల్లగా మండిపోతుంటే కింద ప్రభ చీకటి పడిపోయి వస్తుంది, అందుకని రా లోనే తీశా, అంటే సెన్సార్ పట్టినదంతా తర్వాత దిద్దుకోవడానికి దాచే ఫైల్‌గా. ఇంటికొచ్చి నీడల్ని పైకి లాగితే ప్రభ మీద కట్టిన రంగురంగుల గుడ్డలు, మోసేవాళ్ళ మొహాలు అన్నీ బయటికొచ్చాయి, పెద్దగా గరుకు కూడా లేదు, పదేళ్ళ నాటి సెన్సార్ అంటే నమ్మబుద్ధి కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా 640 ఫోటోలు, ఒకే బ్యాటరీ, ఇంకా మిగిలే ఉంది. పక్కన మిర్రర్‌లెస్ పట్టుకున్న కుర్రాడు మధ్యాహ్నానికే మూడో బ్యాటరీ వేస్తున్నాడు, అది చూసి మనసులో కొంచెం సంతోషపడ్డా, అబద్ధమెందుకు.

కానీ అదే కుర్రాడి ఫోటోలు తర్వాత చూశా. నీళ్ళలో పరిగెత్తేవాళ్ళ మొహాలు వాడివి పదికి తొమ్మిది షార్ప్, నావి పదికి ఐదు. దీంట్లో 51 ఫోకస్ పాయింట్లు ఉన్నాయి, అన్నీ ఫ్రేమ్ మధ్య భాగంలోనే, వ్యూఫైండర్‌లోంచి చూస్తూ తీస్తే కన్ను వెతికి పట్టుకోవడం లాంటివి లేవు, పాయింట్ మీరే జరుపుకోవాలి. కోరింగ మడ అడవుల్లో కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్టకైతే ఇది చాలు, అది నీళ్ళలోకి దూకే క్షణం కావాలంటే మాత్రం ఓపిక, అదృష్టం రెండూ ఉండాలి. సెకనుకి 6 ఫోటోలు తీస్తుంది, రా లో నొక్కి పట్టుకుంటే మూడు నాలుగు సెకన్లలో స్పీడు పడిపోతుంది. చెక్క వంతెన మీద జనం లేని టైములో టకటకమని అద్దం చప్పుడుకి కొంగలు లేచిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న సంగతి. పిట్టల కోసం వాడేసిన 70-300 ఎంఎం పొడుగు లెన్సు ఒకటి ఒక షాపులో కొన్నా, పేరు వద్దులెండి. షాపులో లైట్లు బాగున్నాయి, లెన్సు పైకి నిగనిగలాడుతోంది, తీసుకొచ్చేశా. నెల తర్వాత సాయంత్రం ఎండకి ఎదురుగా తీసిన ఫోటోలన్నీ పాలు పోసినట్టు వస్తుంటే అనుమానం వచ్చి చూశా, లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లా ఫంగస్. షాపుకెళ్తే "మీ ఇంట్లో పట్టుంటుందండీ" అన్నారు, కాదని నేను రుజువు చెయ్యలేను. ఈ పరీక్షేదో కొనేముందు చెయ్యాల్సింది: రెండు మూతలూ తీసి, లెన్సు వెనక ఉండే చిన్న మీటని వేలితో జరిపితే లోపలి రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయి, అప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి కాస్త వాలుగా చూడాలి. దుమ్ము రేణువులుంటే ఫర్లేదు, ఏ లెన్సులోనైనా ఉంటాయి, పోగులు, మబ్బు కనిపిస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. నేను క్లీనింగ్‌కి రెండున్నర వేలు పెట్టా, పోగులు పోయాయి, కానీ అది గాజు మీద పూతని తినేసిన చోట గీతల్లా మచ్చ ఉండిపోయింది.

సముద్రం పక్కన ఉండేవాళ్ళు కెమెరా కొనేటప్పుడే ఇంకో ఐదారు వందలు దీనికి పక్కన పెట్టుకోండి. లెదర్ బ్యాగ్‌లో పెట్టి బీరువాలో దాచడం అంత పనికిమాలిన పని ఇంకోటి లేదు, చీకటి, తేమ, గాలాడదు, ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి. గాలి చొరని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, అంతే నా సరంజామా. వానాకాలంలో గదిలో 85 చూపిస్తుంటే డబ్బాలో 45 దగ్గర ఉంటోంది, నలభై యాభై మధ్య ఉంటే చాలు. సిలికా గింజల రంగు మారితే మూకుడులో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి, మా ఆవిడ మూకుడు కాదు, వేరేది. బియ్యంలో పెట్టమని మా మావయ్య సలహా ఇచ్చాడు, ఆ పొడి అంతా లెన్సు రింగుల్లోకి పోతుంది, వద్దు.

వీడియో గురించి రెండు ముక్కలు: తీస్తుంది, కానీ దానికోసం కొనకండి. 4కే లేదు, లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు, ఫోకస్ వెనకా ముందూ ఊగుతూ ఉంటుంది, స్క్రీన్ మడత పడదు. వైఫై ఉంది, వాడటం మానేశా, కార్డు రీడర్ ఫోన్‌కి తగిలిస్తే అంతకంటే త్వరగా అయిపోతుంది.

డి7500 ఎందుకు తీసుకోలేదు అని ఒకరు అడిగారు. 2017లో వచ్చింది, 4కే ఉంది, స్క్రీన్ పైకి లేస్తుంది, సెకనుకి 8 ఫోటోలు, కానీ కార్డు స్లాట్ ఒకటే చేశారు, పాత మాన్యువల్ లెన్సులకి మీటరింగ్ (వెలుతురు కొలవడం) తీసేశారు. పెళ్ళి తీసే పని నాకు లేదు గానీ ప్రభల రోజు రాత్రి ఒక కార్డు చదవనని మొండికేసింది, రెండో స్లాట్‌లో కాపీ ఉంది కాబట్టి ఈ రివ్యూ ఇంత ప్రశాంతంగా రాస్తున్నా.

కాబట్టి ఆఫీసులో ఆ ముగ్గురిలో పిల్లాడి డాన్సాయనకి ఇది వద్దన్నా, ఆర్50 లాంటిదే చూసుకోమన్నా. ఊళ్ళు తిరిగే ఆవిడ నా కెమెరా ఒకసారి మెడలో వేసుకుని "బాబోయ్" అని తీసి ఇచ్చేసింది, బ్యాటరీ కార్డుతో కలిపి బాడీయే 765 గ్రాములు, లెన్సుతో కిలో పావు. మూడో అతనికి ఒక ఆదివారం నాది ఇచ్చి పంపా, ఉప్పాడ వైపు పోయి పొద్దున్నే వలలు లాగేవాళ్ళని తీసుకొచ్చాడు, ఇరవై ఫోటోలు మరీ తెల్లగా, ఇరవై మరీ నల్లగా, ఎందుకంటే ఈ అద్దం వ్యూఫైండర్‌లో ఫోటో ఎలా పడబోతోందో ముందే కనపడదు, తీశాక చూసుకోవాల్సిందే. చివరి పదీ మాత్రం బాగున్నాయి. మళ్ళీ వచ్చే ఆదివారం కూడా ఇస్తావా అని అడుగుతున్నాడు.

ఈ మధ్య వెనక బొటనవేలు ఆనే చోట రబ్బరు సాగి ఊడుతోంది, ఈ నికాన్ బాడీల్లో మామూలేనంట. స్టూడియో ఆయనకి చూపిస్తే నూటయాభైకి కొత్త రబ్బరు తెప్పించి అతికించి, "అమ్ముతారా ఏంటండీ" అన్నాడు. మా తమ్ముడికి ఈ ముక్క చెప్పలేదు.